రోగం పేగులో... ఆనవాళ్లు ఒళ్లంతా!

రక్తం మాత్రలు మింగి మింగి విసుగొస్తుంది, హిమోగ్లోబిన్ మాత్రం కదలదు. తాగుడు అలవాటే లేదు, కాలేయం పరీక్షలో అంకెలు పెరుగుతాయి. మోచేతుల మీద దురద పొక్కులు ఏ పూతకూ లొంగవు. వీటి వెనక ఒక్కోసారి ఉండేది రోజూ తినే గోధుమ.

బట్టల దుకాణం వాళ్లిచ్చిన గుడ్డసంచి. అందులో ఐదేళ్ల రిపోర్టులు. ఓపీలో తన వంతు రాగానే ఆమె సంచిని బల్ల మీద బోర్లించినంత పని చేసింది. హిమోగ్లోబిన్ 7.8. దాని కింద ఇంకోటి, 8.1. ఐరన్ మాత్రలు రాసిన చీటీలు, ఐరన్ నరానికి ఎక్కించిన బిల్లులు, నెలసరి ఎక్కువవుతోందేమోనని తీసిన స్కానింగు, మొలలున్నాయేమోనని చేసిన పరీక్ష, నులిపురుగుల మందు. నోటిపూతకు బి-కాంప్లెక్స్ వేరే, మోకాళ్ల నొప్పులకు డి విటమిన్ సాచెట్లు వేరే. వయసు 38. బడిలో టీచరు.

"విరేచనాలేమైనా అవుతుంటాయామ్మా?"

"లేవండీ. కాస్త ఉబ్బరం. అది అందరికీ ఉండేదే కదండీ."

"రాత్రిపూట ఏం తింటారు?"

"మా ఆయనకి షుగరండీ. ఇంట్లో అందరం చపాతీలే."

డాక్టరు ఒక రక్తపరీక్ష రాశారు. ఐదేళ్లలో ఎవరూ రాయనిది అదొక్కటే.

ఈ టీచరు ఫలానా ఊరి ఫలానా మనిషి కాదు. ఇలాంటి కేసుల్లో పదేపదే కనిపించే ఆనవాళ్లను ఒకచోట చేర్చి గీసిన బొమ్మ. సంచి మాత్రం ప్రతి ఓపీలోనూ కనిపించేదే.

మే 16 అంతర్జాతీయ సీలియాక్ దినం. ఆ పూట ఫోన్లలో ఈ పేరు కాసేపు తిరుగుతుంది. మిగతా రోజుల్లో మన చెవిన పడేది గ్లూటెన్ ఫ్రీ అనే మాట. సూపర్ మార్కెట్లో ఒక అర నిండా ఆ ముద్ర వేసిన బిస్కెట్లు, పిండ్లు, నూడుల్స్. బరువు తగ్గాలని, చర్మం మెరవాలని గోధుమ మానేసినవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్లో ఒకరిద్దరైనా ఉంటారు. విచిత్రమేమిటంటే, మానాల్సిన అవసరం లేనివాళ్లు మానేస్తున్నారు. మానితే తప్ప ఒళ్లు బాగుపడనివాళ్లకేమో ఆ సంగతి చెప్పే నాథుడు లేడు.

గోధుమ లోపలికి దిగాక...

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే మాంసకృత్తు గ్లూటెన్. చపాతీ పిండి సాగేది, పరోటా పొరలు పొరలుగా విడేది, బ్రెడ్డు పొంగేది దానివల్లే. కొన్ని రకాల జన్యువులున్న కొందరిలో మాత్రం అది చిన్నపేగులోకి దిగగానే ఒంటి రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువనుకుంటుంది. ఆ కోపం సొంత పేగు మీదే చూపిస్తుంది. చిన్నపేగు లోపలి గోడ నిండా కంటికి ఆనని సన్నని చూషకాలుంటాయి. తిన్నదాంట్లోని సారాన్ని పీల్చేవి అవే. సీలియాక్‌లో ఆ గోడ ఉతికి ఉతికి పోగులూడిన తువ్వాలులా చదునైపోతుంది. తింటూనే ఉంటారు, తిన్నది ఒంటికి పట్టదు.

ఇది ఎలర్జీ కాదు. ఒక పూట తిన్నది పడక, వామునీళ్లు తాగితే తగ్గే అజీర్తీ కాదు. జీవితాంతం ఉండే ఆటోఇమ్యూన్ జబ్బు. వైద్య పుస్తకాల్లో దీనికో పాత బొమ్మ ఉంది: ఉబ్బిన పొట్ట, పుల్లల్లాంటి కాళ్లుచేతులు, జిడ్డు విరేచనాలు, ఎదగని పసిపిల్ల. చాలామంది డాక్టర్ల మనసులో ఇప్పటికీ నిలిచింది ఆ బొమ్మే. పెద్దవాళ్లలో ఇప్పుడు బయటపడుతున్న కేసుల్లో విరేచనాలతో వచ్చేవాళ్లు సగం కన్నా తక్కువ. కొందరిది మలబద్ధకం. కొందరైతే నిక్షేపంగా, కాస్త లావుగానే ఉంటారు. సీలియాక్ రోగి లావుగా ఉంటాడని ఎవరికి తోస్తుంది?

బ్రిటన్‌లో లక్షణాలు మొదలైన నాటి నుంచి జబ్బు పేరు తేలేసరికి సగటున 13 ఏళ్లు పడుతోందని అక్కడి సీలియాక్ యూకే సంస్థ చెబుతోంది. రొట్టె తిని బతికే దేశంలోనే అంత జాప్యం!

ముందు పలికేది రక్తం

పెద్దల్లో కడుపు నోరు మెదపకుండా రక్తహీనత ఎందుకు ముందొస్తుంది? తిన్న ఐరన్‌ను ఒంటికి పట్టించేది చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినం. సీలియాక్ దెబ్బ ముందుగా, గట్టిగా తగిలేదీ అక్కడే. ఆ తర్వాత బారల పొడవున ఉన్న పేగు తన పని తాను చేస్తూనే ఉంటుంది. అందుకే అన్నం అరుగుతుంది, బరువు పెద్దగా తగ్గదు. ఐరన్ దగ్గరే దారి మూసుకుపోతుంది. మింగిన మాత్రా ఆ దారినే పోవాలి కదా! నరానికి ఎక్కిస్తే కొన్నాళ్లు మొహం తేటగా ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది.

మన దగ్గర అసలు చిక్కు రక్తహీనత మామూలైపోవడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంతమందికి ఉన్నదాన్ని రోగమని ఎవరనుకుంటారు? "ఆడవాళ్లకి రక్తం తక్కువే ఉంటుందిలే, బెల్లం ముక్క తిను, తోటకూర తిను" అని అత్తగారు సర్దిచెబుతారు. వీళ్లలో అత్యధికుల సమస్య తిండిలో ఐరన్ చాలకపోవడం, నెలసరి, కాన్పులు, కొంకిపురుగులే తప్ప సీలియాక్ కాదు. ఆ మాట గట్టిగానే చెప్పాలి, లేకపోతే రేపట్నుంచి ఊరంతా గోధుమపిండి పారబోస్తుంది. కానీ మాత్రలు వేళకు వేసుకుంటూ, మూడు నాలుగు నెలలైనా అంకె కదలనివాళ్ల సంగతి వేరు. మగవాళ్లలో, నెలసరి ఆగిపోయినవాళ్లలో కారణం తేలని రక్తహీనత మరీ వేరు. ఐరన్ లోపంతో రక్తహీనత వచ్చినవారి మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, పేగు ముక్క పరీక్షలో దాదాపు 31 మందిలో ఒకరికి సీలియాక్ తేలింది. అవి ఎక్కువగా గోధుమ తినే దేశాల లెక్కలు. అయినా కొట్టిపారేసే అంకె కాదు.

తాగని మనిషికి లివర్ జబ్బా?

ముప్పై దాటిన ఒక ఉద్యోగి కంపెనీ వాళ్లు చేయించే హెల్త్ చెకప్‌కు వెళ్తాడు. లివర్ ఎంజైములు ఎక్కువున్నాయని వస్తుంది. "వారానికెన్ని పెగ్గులు?" అని మొదటి ప్రశ్న. అలవాటు లేదంటే డాక్టరు నమ్మరు, ఇంటికొస్తే భార్య అనుమానంగా చూస్తుంది. కామెర్ల వైరస్ పరీక్షలు బాగుంటాయి, స్కానింగూ బాగుంటుంది. కారణం తెలియకుండా ఎంజైములు పెరిగి ఉండే మనుషుల్లో కొందరికి మూలం సీలియాక్. గ్లూటెన్ మానేస్తే చాలామందిలో ఏడాదిలోపే ఆ అంకెలు దిగొస్తాయి. ఏ లివర్ టానిక్కూ అక్కర్లేదు.

చర్మం కథ ఇంకా పాతది. 1884లో ఫిలడెల్ఫియా చర్మవైద్యుడు లూయీ డ్యూరింగ్ ఒక దురద జబ్బును వర్ణించాడు. మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద గుంపులు గుంపులుగా చిన్న నీటిపొక్కులు. డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అని పేరు. దానికీ పేగుకూ లంకె ఉందని ఇంగ్లండులో తేలేసరికి 1966 వచ్చింది. ఈ దురద ఎలాంటిదంటే పొక్కు లేచీ లేవకముందే గోకి చిదిమేస్తారు. డాక్టరు ఎదుట చొక్కా చేతులు మడిచేసరికి పొక్కులుండవు, గోళ్ల గాట్లు, ఎండిన చెక్కులే మిగులుతాయి. గజ్జి అంటారు, తామర అంటారు, పూతలు మారుస్తారు. దీన్ని తేల్చడానికి చర్మం ముక్కను పొక్కు మీద నుంచి కాదు, దాని పక్కన బాగున్న చోటు నుంచి తీయాలి. డాప్సోన్ మాత్ర దురదను కొద్ది రోజుల్లోనే అణుస్తుంది. పేగును మాత్రం బాగుచేయదు.

మాటిమాటికీ వచ్చే నోటిపూత, పళ్ల మీద ఎనామిల్ గాట్లు, రెండు వైపులా ఒకే తీరున కనిపించే మచ్చలు: వీటిని ముందు చూసేది పళ్ల డాక్టరు. నలభైల్లోనే ఎముకలు గుల్లబారి, చిన్నగా జారిపడితే మణికట్టు విరిగినవాళ్లను చూసేది ఎముకల డాక్టరు. కారణం దొరకని సంతానలేమి, వరస గర్భస్రావాలు వెళ్లేది ఇంకో తలుపు దగ్గరికి. అక్కడ ఆమె మీద పడే నిందలు, కట్టించే తాయెత్తులు వేరే కథ. సంతానలేమికి ఎన్నో కారణాలుంటాయి, సీలియాక్ వాటిలో చిన్న వాటాయే. కానీ మిగతావన్నీ వెతికినప్పుడు ఈ ఒక్క రక్తపరీక్ష చేయకపోవడానికి సాకేమీ లేదు.

నరాల సంగతి మరీ తికమక. అరికాళ్ల తిమ్మిర్లు, మంటలు ఉంటే షుగరనుకుంటారు. నడకలో తూలు వస్తే చూసినవాళ్లు తాగాడనుకుంటారు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మారియోస్ హజివాసిలియు అనే నరాల వైద్యుడు, కారణం తెలియని నరాల జబ్బులున్నవారి రక్తంలో గ్లూటెన్ వ్యతిరేక యాంటీబాడీలు వెతికి 1996లో ఫలితాలు ప్రకటించారు. కడుపులో ఏ బాధా లేకుండా గ్లూటెన్ చిన్నమెదడును దెబ్బతీయగలదన్న సంగతి అప్పటి నుంచే వైద్యుల చర్చలోకొచ్చింది. ఆలస్యమైతే ఆ తూలు పూర్తిగా పోదు. అందుకే ఇక్కడ త్వరపడాలి.

ఇన్ని తలుపులు తట్టిన మనిషిని చివరికి "మీకేం లేదు, అంతా మనసులోదే" అని పంపేస్తారు. మింగిన మాత్రలన్నిటికన్నా చేదుగా ఉండేది ఆ మాటే.

> మస్సెల్స్... అరటిపళ్లు... ఆకలి చలికాలం
>
> లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1887లో ఈ జబ్బు మీద ఉపన్యసించాడు. తిండితోనే ఇది నయం కావాలని ఊహించాడు, ఏ తిండో తెలియలేదు. రోజూ మస్సెల్స్ అనే ఆల్చిప్పలు తిన్న ఒక బిడ్డ బాగా కోలుకుని, వాటి సీజన్ అయిపోగానే మళ్లీ పడకేసిందని రాసుకున్నాడు.
>
> 1924లో న్యూయార్క్ వైద్యుడు సిడ్నీ హాస్ పిల్లలకు అరటిపళ్ల పథ్యం పెట్టాడు. పిల్లలు కోలుకున్నారు. ఆ పథ్యంలో రొట్టె లేకపోవడమే మందు. పేరు మాత్రం అరటిపండుకు దక్కింది.
>
> అసలు దొంగను పట్టింది డచ్ పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డికె. రొట్టె మీద ఆయనకు ముందే అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధంలో నెదర్లాండ్స్ ఆకలితో అల్లాడింది. రొట్టె దొరకని ఆ నెలల్లో సీలియాక్ పిల్లలు తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే జబ్బూ తిరిగొచ్చింది. ఆయన సిద్ధాంత గ్రంథం 1950లో వెలువడింది.

మనం అన్నం తినేవాళ్లం కదా!

ఈ మాట కొంతవరకు నిజమే. వైద్యులు బి.ఎస్. రామకృష్ణ, గోవింద్ మఖారియా బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతాల్లో 23 వేలకు పైగా ఆరోగ్యవంతులైన పెద్దల రక్తం పరీక్షించారు. వెయ్యిమందిలో సీలియాక్ ఉన్నవారు ఉత్తరాదిన 8 మందికి పైగా తేలితే, దక్షిణాదిన పదివేలమందిలో ఒకరు. మరి జన్యువులు? ఈ జబ్బుకు తావిచ్చే రకం ఉత్తరాదిన 38 శాతం మందిలో, దక్షిణాదిన 36 శాతం మందిలో ఉంది. దాదాపు సమానం. తేడా అంతా కంచంలో ఉంది: సగటున రోజుకు తినే గోధుమ అక్కడ 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు.

25 గ్రాములంటే ఒక మోస్తరు పుల్కాకు పట్టే పిండి. మరి ఇప్పుడు తెలుగిళ్లలో రాత్రి కంచం చూడండి. షుగరు భయంతో అన్నం మానేసి మూడు పుల్కాలు. పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, సాయంత్రం బిస్కెట్లతో టీ, ఆదివారం పరోటా. గురుగ్రామ్‌లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, సరిహద్దుల్లో లంగర్ రోటీ తినే మన జవాన్లు, అమెరికాలో బ్రెడ్డు మీద బతికే మన విద్యార్థులు ఆ సర్వే లెక్కలోకి వచ్చే మనుషులు కారు. ఎక్కువ గోధుమ తిన్నంత మాత్రాన జబ్బు వస్తుందని కాదు. జన్యువులున్నవారిలోనూ కొద్దిమందికే వస్తుంది. కానీ "దక్షిణాదివాళ్లకు రాదు" అనే ధీమాతో పరీక్ష రాయకపోవడం నా దృష్టిలో పాతబడిన వైద్యం.

మానేసి వస్తే తేల్చలేరు

మొదటి పరీక్ష తేలికే. టీటీజీ ఐజీఏ అని రక్తపరీక్ష, దాంతోపాటే మొత్తం ఐజీఏ ఎంతుందో చూడాలి. సీలియాక్ రోగుల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి అసలు ఐజీఏ యాంటీబాడీలే తయారు కావు. వాళ్లలో టీటీజీ పరీక్ష తప్పుగా "లేదు" అంటుంది. ఫలితం అవునని వస్తే, పెద్దల్లో ఎండోస్కోపీ చేసి డుయోడినం నుంచి నాలుగైదు చిన్న ముక్కలు తీస్తారు. ఇక్కడే చాలామంది జారిపోతారు. కెమెరా కంటికి పేగు బాగానే కనిపించొచ్చు. ముక్కలు తీయకుండా "ఎండోస్కోపీ నార్మల్" అని రాసిచ్చిన కాగితం సీలియాక్ లేదనడానికి సాక్ష్యం కాదు. చదునైన పేగు కనిపించినా అది సీలియాకే కావాలనీ లేదు, మన ప్రాంతంలో ట్రాపికల్ స్ప్రూ అనే ఇంకో జబ్బూ అలాగే చేస్తుంది. దాని మందు యాంటీబయాటిక్కు, ఫోలిక్ యాసిడ్డు. కాబట్టి అనుభవమున్న వైద్యుడు రెండూ కలిపి చూడాలి.

గ్లూటెన్ ఫ్రీ మోజు చేసే అసలు చేటు ఇక్కడ బయటపడుతుంది. వీడియో చూసి రెండు నెలలుగా గోధుమ మానేసి, "ఇప్పుడు పరీక్ష చేయండి" అని వచ్చేవాళ్ల రక్తంలో ఆనవాళ్లు చెరిగిపోతుంటాయి. పేగు కూడా కోలుకోవడం మొదలుపెడుతుంది. పరీక్షకు ముందు కనీసం ఆరు వారాలు, రోజుకు ఒకటి కన్నా ఎక్కువ పూటల్లో గ్లూటెన్ తింటూ ఉండాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒళ్లు కాస్త కుదుటపడ్డాక మళ్లీ ఆరు వారాలు విషం తినమంటే ఎవరు తింటారు?

> అడిగి చేయించుకోవాల్సినవారు
>
> సీలియాక్ ఉన్నవారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు. టైప్-1 మధుమేహం, ఆటోఇమ్యూన్ థైరాయిడ్ ఉన్నవారు. మందులకు తగ్గని ఐరన్, బి12, ఫోలేట్ లోపాలున్నవారు. గ్యాస్ అనో ఐబీఎస్ అనో ముద్ర పడి ఏళ్లుగా మందులు వాడుతున్నవారు. థైరాయిడ్ మాత్ర మోతాదు పెంచుతూ పోతున్నా పట్టనివారు. కారణం తెలియని అలసట, బరువు తగ్గడం, నోటిపూత వదలనివారు.

ఇంగువ డబ్బా మీది చిన్న అక్షరాలు

జబ్బు ఖాయమైతే మందు ఒక్కటే, జన్మంతా గ్లూటెన్ మానడం. అన్నం, జొన్నరొట్టె, రాగిసంకటి, సజ్జ, కొర్ర, పప్పు, పెసరట్టు ఉన్న మన వంటింట్లో ఇదేమంత కష్టం అనిపిస్తుంది. పెద్దవన్నీ తేలిగ్గానే మానొచ్చు: చపాతీ, పూరీ, సేమ్యా, బొంబాయి రవ్వ, మైదా బొబ్బట్లు, హలీం (అందులో గోధుమలే సగం సంగతి), బార్లీతో చేసే బీరు, మాల్టు పొడులు. చిక్కంతా కనపడనివాటితో.

ఇంగువనే తీసుకోండి. అంగట్లో దొరికేది అచ్చమైన ఇంగువ కాదు, జిగురు, పిండి కలిపి చేసిన ముద్ద. ఆ పిండి చాలా బ్రాండ్లలో గోధుమపిండో మైదానో. పులిహోర, సాంబారు, చారు, పప్పు తాలింపు, కొన్ని ఆవకాయలు, అప్పడాలు అన్నీ ఆ డబ్బా గుండానే నడుస్తాయి. బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరుకుతుంది, లేబుల్ చదివి తెచ్చుకోవాలి. జొన్నలు తీసుకెళ్లి గిర్నీలో ఆడిస్తే, అంతకు ముందు పట్టిన గోధుమపిండి రాళ్ల మధ్య మిగిలినది మీ సంచిలో పడుతుంది. హోటల్లో అట్టు కరకరలాడాలని పిండిలో కాస్త మైదా కలుపుతారేమో అడగాలి. ఇదంతా చాదస్తం కాదు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్, అంటే రొట్టెపొడి చిటికెడు, కొన్ని నెలలు వరసగా లోపలికెళ్తే పేగుకు హాని అని 2007లో ఇటలీ అధ్యయనం చూపింది. మన దేశంలో ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని అచ్చువేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన.

లేబుల్ చదవడం నేర్చుకోవచ్చు. చుట్టాలతో వేగడమే కష్టం. పెళ్లిలో విస్తరి ముందు కూర్చోగానే మొదలవుతుంది: "ఒక్క బొబ్బట్టు తింటే ఏమైపోతావే? డైటింగా?" "మా కాలంలో ఈ రోగాలెక్కడివే!" సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ నూకతోనే చేస్తారు, అన్నవరం ప్రసాదమూ అంతే. కళ్లకద్దుకుని పక్కవాళ్లకిస్తే "ప్రసాదం కాదంటావా?" అని చూపులు. కొత్త కోడలైతే ఇక చెప్పక్కర్లేదు. కొన్ని ఇళ్లలో సంబంధం చూసేటప్పుడు ఈ జబ్బు దాచిపెడతారు. అటు వెళ్లాక రోజూ దొంగతనంగా పథ్యం చేయాలి, లేదా జబ్బు తెచ్చుకోవాలి. దాచడం కన్నా ముందే చెప్పి, నాకో మూకుడు, ఓ పిండి డబ్బా విడిగా ఉంచండని అడగడం నయం. ఇటలీలో సీలియాక్ రోగుల ప్రత్యేక ఆహారానికి ప్రభుత్వమే నెలనెలా భత్యం ఇస్తుంది. మనకు అంత వద్దు, ఇంట్లోవాళ్లు ఎగతాళి మానితే చాలు.

పథ్యం కుదిరితే ఫలితం త్వరగానే కనిపిస్తుంది. వారాల్లో నీరసం తగ్గుతుంది, నెలల్లో హిమోగ్లోబిన్ కదులుతుంది. పేగు గోడ మళ్లీ మొలకెత్తడానికి పెద్దల్లో రెండేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది.

మీ ఇంట్లో రక్తం మాత్రలు వేసుకుంటూ నెలలు గడిచినా అంకె కదలనివారుంటే, ఈసారి డాక్టరు దగ్గర "టీటీజీ చేయించారా?" అని అడగండి. ముక్క పరీక్ష రిపోర్టు చేతికొచ్చేదాకా మాత్రం చపాతీ మానకండి.